బడిలో కంప్యూటర్: ఉపాధ్యాయునికి తోడా, బదులా?

పాఠశాలల్లో కంప్యూటర్ ప్రవేశాన్ని గురించి రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మా సమాధానం సూటిగానే ఉన్నది. మన బిడ్డలు చదివే బడిని గురించి మనం నోరు విప్పకపోతే, మన తరఫున యంత్రాలమ్మే వ్యాపారి మాట్లాడతాడు. పైగా, పనిచేసే చోటికి కొత్త యంత్రం వచ్చినప్పుడు అక్కడి పనికీ, ఆ పని చేసే మనిషికీ, దాని వలన మేలు పొందవలసిన ప్రజలకూ ఏమవుతుందో మన రెండు శాఖల ఉద్యోగులు చూసినంత దగ్గరగా చూసినవారు ఈ దేశంలో అరుదు.

1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రారంభమైనది. అంతకు పూర్వం పెద్ద పెద్ద లెడ్జర్లు ముందు వేసుకుని, పేజీలు తిరగేస్తూ, బారులు తీరిన ప్రయాణికులకు జవాబు చెప్పిన గుమాస్తాలెవ్వరూ ఆ లెడ్జర్లు తిరిగి రావాలని నేడు కోరడం లేదు. ఏ కౌంటర్ వద్దనైనా ఏ బండికైనా టిక్కెట్టు దొరకడం ప్రజలకు కలిగిన మేలు; దానిని కాదనవలసిన పని లేదు. అయితే యంత్రం వెంట మరొక కాగితం కూడా వచ్చింది. ఉద్యోగ విరమణ చేసినవారి స్థానాలను భర్తీ చేయకుండా ‘సరెండర్’ చేయాలన్న ఉత్తర్వు అది. ఉద్యోగాలను తీసివేసే చేతులు యంత్రానికి లేవు; ఉత్తర్వుకు ఉన్నాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం అనుభవం మనకు నేర్పిన పాఠం. ఆ పాఠాన్నే ఇప్పుడు బడికి అన్వయించవలసి ఉన్నది.

మా వాదన ఇది. కంప్యూటర్ ఉపాధ్యాయుని పక్కన నిలిచినప్పుడు విద్యార్థికి మేలు జరుగుతున్నది. ఉపాధ్యాయుని స్థానాన్ని ఆక్రమించినప్పుడు కీడు జరుగుతున్నది. ధనికుల బిడ్డకు మంచి ఉపాధ్యాయుడూ ఉంటాడు, మంచి యంత్రమూ ఉంటుంది. శ్రామికుని బిడ్డకు మాత్రం ఉపాధ్యాయుడు కరువైన చోట యంత్రాన్ని చూపించి సరిపెట్టుకోమంటున్నారు. ఇది విద్యారంగంలో ఆధునికత కాదు, పొదుపు. ఆ పొదుపు భారం మన పిల్లల భవిష్యత్తు మీద పడుతున్నది.

యాభై ఏళ్ల వాగ్దానాలు

బడి సమస్యలను యంత్రం తీరుస్తుందన్న వాగ్దానం నిన్న మొన్నటిది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందించారు. పిల్లలకు పాఠాలు, పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన విషయాలు అందులో ఉండేవి. ఉపాధ్యాయుల శిక్షణకు సైతం చోటు కల్పించారు. మన శాస్త్రజ్ఞులు, సాంకేతిక సిబ్బంది ఎంతో శ్రమించి నిర్వహించిన ప్రయోగమది. వారి కృషిని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఆ ఉపగ్రహం అమెరికా అంతరిక్ష సంస్థ ఏడాదికి ఎరువిచ్చినది. గడువు తీరగానే అది తన దారిన తాను వెళ్ళిపోయింది. వానకు కారే కప్పుతో ఊరి బడి, ఒక్క చేత్తో మూడు నాలుగు తరగతులు నడిపే పంతులు మాత్రం ఎక్కడివారక్కడే మిగిలారు.

తరువాత 1984-85లో ‘క్లాస్’ అనే పథకం క్రింద బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలల్లో ప్రవేశపెట్టారు. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల ఆ యంత్రాలు ఆ కాలానికి గొప్పవే. కాని అందులోని పాఠాలు ఇంగ్లీషులో ఉండేవి. పాఠ్య ప్రణాళికకూ వాటికీ పొత్తు తక్కువ. యంత్రానికి దుమ్ము తగలకూడదన్న శ్రద్ధ దానిని వాడే ఉపాధ్యాయుని తయారు చేయడంలో కనబడలేదు. తాళం వేసిన గది, గుడ్డ కప్పిన యంత్రం, తలుపు సందులోంచి తొంగిచూసే పిల్లలు: మన దేశంలో అనేక బడుల్లో కంప్యూటర్ విద్య తొలి చిత్రం ఇదే.

మూడవ ఘట్టం కాంట్రాక్టర్లది. ఒక ప్రైవేటు సంస్థ యంత్రాలు తెచ్చి బడిలో పెడుతుంది. తానే బోధకులను నియమించి కొన్నేళ్లు నడుపుతుంది. ప్రభుత్వం వాయిదాల మీద సొమ్ము చెల్లిస్తుంది. గడువు చివర యంత్రాలను బడికి అప్పగించి వెళుతుంది. అనేక రాష్ట్రాలు ఈ పద్ధతిని అనుసరించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి సుమారు 5,000 ఉన్నత పాఠశాలల్లో ఇదే జరిగింది. చదువుకున్న యువతీ యువకులను బోధకులుగా తీసుకుని, కూలి రేటుకన్న తక్కువ వేతనంతో పని చేయించుకుని, అయిదేళ్ల ఒప్పందం ముగియగానే ఇంటికి పంపారు. బడికి మిగిలినవి పాతబడిన యంత్రాలు. వాటిని వాడడం తెలిసినవారు వీధిలో నిలబడ్డారు. వాడవలసిన ఉపాధ్యాయులకు ఎవ్వరూ నేర్పలేదు. కాంట్రాక్టు పద్ధతి అంటే ఏమిటో పారిశుధ్య పనుల్లో, పార్సెల్ పనుల్లో, తపాలా సంచుల రవాణాలో చూసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక నాలుగవ ఘట్టం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. సంస్థ పాఠాలు వాటిలో నింపి ఇచ్చారు. 2024 జూలైలో అదే సంస్థపై దివాలా ప్రక్రియ ప్రారంభించాలని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది. ఒక ప్రభుత్వాన్ని మెచ్చుకుని మరొక ప్రభుత్వాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఈ దారిలో అన్ని పార్టీల ప్రభుత్వాలూ నడిచాయి. మేమడిగేది ఒక్కటే. లక్షలాది పిల్లల పాఠాలను ఒక వ్యాపార సంస్థ లాభనష్టాల పట్టీకి ముడివేయడం ఏ మేరకు వివేకం? ఉపాధ్యాయుడు దివాలా తీయడు. బడి మూతపడనంత కాలం అతడు ఉంటాడు.

పరీక్షకు నిలిచిన నిజాలు

యంత్రం వలన చదువు వస్తుందా, రాదా అన్నది కేవలం అభిప్రాయాల మీద తేలే విషయం కాదు. పరిశీలనలు జరిగాయి. వాటిలో రెండు మన దేశానివే.

గుజరాత్‌లో జ్ఞాన్ శాల అనే సంస్థ నడిపే బడుల్లో గణితం నేర్పే కంప్యూటర్ పాఠాలను రెండు విధాలుగా ప్రయోగించి చూశారు. కొన్ని బడుల్లో తరగతి సమయంలోనే, ఉపాధ్యాయుని బోధనకు కేటాయించిన కాలంలో పిల్లలను యంత్రం ముందు కూర్చోబెట్టారు. మరికొన్ని బడుల్లో బడి వేళకు అదనంగా యంత్రాన్ని ఇచ్చారు. లీ లిండెన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 2008లో వెలువరించిన ఫలితాలు గమనించదగినవి. మొదటి పద్ధతిలో పిల్లలు యంత్రం లేని పిల్లలకన్న తక్కువ నేర్చుకున్నారు. రెండవ పద్ధతిలో ఎక్కువ నేర్చుకున్నారు. చదువులో వెనుకబడిన పిల్లలకు అధిక మేలు కలిగింది. యంత్రమూ పాఠాలూ ఒక్కటే. తేడా వచ్చినదల్లా దానిని ఎక్కడ నిలబెట్టారన్న దానివలననే.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు జరిపి 2019లో ప్రచురించిన పరిశీలన కూడా దీనినే బలపరుస్తున్నది. బడి విడిచిన తరువాత కేంద్రాలకు వచ్చిన పిల్లలు కొంతసేపు కంప్యూటర్ ముందు, కొంతసేపు చిన్న బృందాలుగా ఒక బోధకుని వద్ద చదువుకున్నారు. నాలుగున్నర నెలల్లో గణితంలోను, హిందీలోను చెప్పుకోదగిన ప్రగతి సాధించారు. ఆ పిల్లల్లో అనేకులు తాము చదువుతున్న తరగతి స్థాయికి ఏళ్ల తరబడి వెనుకబడి ఉన్నారు. ఎవరి స్థాయి ఎక్కడుందో కనిపెట్టి, అక్కడి నుండి లెక్కలు ఇవ్వగలగడం ఆ కంప్యూటర్ పాఠం బలం. యాభై మంది తరగతిలో ఒక్క ఉపాధ్యాయునికి ఇది దుస్సాధ్యం. ఇటువంటి తోడు దొరికితే ఏ ఉపాధ్యాయుడు కాదంటాడు?

ఇప్పుడు పెరూ దేశాన్ని చూడండి. ‘పిల్లవానికొక లాప్‌టాప్’ అన్న నినాదంతో అక్కడి ప్రభుత్వం లక్షల సంఖ్యలో యంత్రాలు పంచింది. గ్రామీణ ప్రాథమిక పాఠశాలలు 319 ఎంచుకుని జరిపిన పరిశీలన 2012లో వెలువడింది. గణితంలో గాని, భాషలో గాని పిల్లల ప్రగతి పెరిగినట్లు ఆధారం కనిపించలేదు. 2015లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అనేక దేశాల ఫలితాలను పోల్చి, బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, గణితం, విజ్ఞానశాస్త్రాల్లో చెప్పుకోదగిన అభివృద్ధి కానరాలేదని చెప్పింది. అది కార్మిక సంఘాల సంస్థ కాదు. సంపన్న దేశాల ప్రభుత్వాల సంస్థ.

కారణమేమిటి? ఒక చిన్న లెక్క తీసుకుందాం. 42 నుండి 17 తీసివేయమంటే ఒక పిల్లవాడు 35 అని రాస్తాడు. జవాబు తప్పు. తెరమీద ఎర్రని గుర్తు పడుతుంది. సరైన జవాబు 25 అని కనిపిస్తుంది. మరో లెక్క వస్తుంది. తరగతిలో అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు ఆ 35 చూడగానే సంగతి గ్రహిస్తాడు. వీడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేస్తున్నాడు. 7లోంచి 2 తీశాడు, 4లోంచి 1 తీశాడు. పదులను విడగొట్టడం వీడికి అర్థం కాలేదు. వెంటనే పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, కట్ట విప్పించి లెక్క చేయిస్తాడు. చదువు జరిగేది ఆ కట్ట విప్పిన క్షణంలో. శ్రద్ధతో తయారు చేసిన కంప్యూటర్ పాఠం కూడా ఇటువంటి పొరపాటును కొంతవరకు పట్టగలదు. కాని ఆ రోజు పిల్లవాడు అన్నం తినకుండా వచ్చాడని, ఇంట్లో తండ్రి మంచం పట్టాడని, నిన్నటి నుండి వాడి కళ్ళద్దాలు పగిలి ఉన్నాయని ఏ తెరా గమనించదు.

కరోనా కాలం రుజువు చేసినది

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. చదువు ఇక ఇంటి నుండేనని, తెరమీదనేనని ప్రకటించారు. అప్పటికి దేశ పరిస్థితి ఏమిటి? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి నూటికి 14.9. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు డ్యూటీకి పోతుంది. ట్రాక్ మీద పనిచేసే గ్యాంగ్‌మన్, ఊరూరా తిరిగే గ్రామీణ డాక్ సేవక్ తన ఫోనును ఇంట్లో విడిచి వెళ్ళగలడా? ఇద్దరు పిల్లలుంటే ఎవరి పాఠం ముందు? అనేక ఇళ్లలో ముందుగా ఆగినది ఆడపిల్ల చదువు.

ఫలితం లెక్కల్లోకి ఎక్కింది. గ్రామీణ పిల్లల చదువు స్థాయిపై జరిగే ‘అసర్’ సర్వే ప్రకారం, రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 కాగా, 2022 నాటికి 20.5కు పడిపోయారు. బడి తలుపు మూసి తెర తెరిచిన రెండేళ్లలో పిల్లలు పోగొట్టుకున్నది అది. ఉపాధ్యాయుడు లేని చదువు ఎటువంటిదో దేశమంతటా ఒక్కసారిగా చూశాం. ఇన్ని కోట్లమంది పిల్లలమీద జరిగిన ఈ నిర్బంధ ప్రయోగం తరువాత కూడా ‘ఉపాధ్యాయుని బదులు యంత్రం’ అనే వాదన చేసేవారికి చదువు మీద మమకారం ఉన్నదని మేము నమ్మలేము.

నేటికీ పరిస్థితి ఏమిటి? ప్రభుత్వం వారి 2024-25 పాఠశాల గణాంకాల ప్రకారం దేశంలో సుమారు మూడవ వంతు బడుల్లో కంప్యూటర్ సదుపాయం లేదు. అంతకంటే ఘోరమైన అంకె మరొకటి అదే లెక్కల్లో ఉన్నది. ఒకే ఒక్క ఉపాధ్యాయునితో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. అటువంటి బడులు అన్ని రాష్ట్రాలకన్న ఎక్కువగా ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే; దాదాపు 13,000. ఆ ఒక్క ఉపాధ్యాయుడు జ్వరపడితే బడికి సెలవు. హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫోటోలు అంటూ రోజుకొక వివరాన్ని ఫోనులో ఎక్కించడానికే అతని పూట గడిచిపోతున్నది. యంత్రం అతని శ్రమను తగ్గించలేదు; అతనిని గుమాస్తాగా మార్చింది. ఇటువంటి పరిస్థితిలో 2026-27 నుండి మూడవ తరగతి మొదలుకొని కృత్రిమ మేధ బోధిస్తామని 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ వెల్లడించింది. బోధించేదెవరు?

కృత్రిమ మేధ గురించి మరొక మాట. ప్రశ్న అడిగితే వ్యాసం రాసిపెట్టే యంత్రాలు నేడు పిల్లల చేతికి వచ్చాయి. ఈత నేర్చుకోవలసిన పిల్లవాని బదులు మరొకరు చెరువు ఈది వస్తే, పిల్లవానికి ఈత రాదు. వాక్యం కూర్చుకోవడం, తప్పు రాసి దిద్దుకోవడం, లెక్క తెగక తల గోక్కోవడం: చదువంటే ఆ శ్రమే. ఆ శ్రమను ఎప్పుడు తానే చేయాలో, ఎప్పుడు యంత్రాన్ని సంప్రదించవచ్చునో విద్యార్థికి చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. కనుక యంత్రం ఎంత తెలివిమీరితే ఉపాధ్యాయుని అవసరం అంత పెరుగుతున్నది.

పగ్గాలు ఎవరి చేతిలో?

మరో మార్గం ఉన్నదా? ఉన్నది. కేరళలో 2001లో ఐటీ@స్కూల్ పథకం ప్రారంభమైనది. తొలి సంవత్సరాల్లో పాఠాలు ఒక విదేశీ కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లబడ్డాయి. అక్కడి పాఠశాల ఉపాధ్యాయ సంఘం దీనిని వ్యతిరేకించింది. వారు కంప్యూటర్ వద్దనలేదు. ఒక కంపెనీ సరుకుకు బడిని అంగడి చేయవద్దన్నారు. క్రమంగా ఆ రాష్ట్రం ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళింది. బయటి బోధకులను తెచ్చుకోవడానికి బదులు, పనిచేస్తున్న ఉపాధ్యాయుల్లోంచే శిక్షకులను తయారు చేసి, వారి ద్వారా తక్కిన ఉపాధ్యాయులకు నేర్పించారు. మలయాళంలో పాఠాలు తయారు చేసుకున్నారు. తరువాతి కాలంలో 45,000 తరగతి గదుల్లో పరికరాలు అమర్చారు. 2020 జూన్‌లో కరోనా మధ్య టెలివిజన్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు వాటిని చెప్పినవారు ఆ రాష్ట్ర ఉపాధ్యాయులే. అక్కడ అంతా సక్రమమని మేము చెప్పడం లేదు. పగ్గాలు ఉపాధ్యాయుని చేతిలో ఉంటే బండి ఎలా నడుస్తుందో అక్కడ కనిపిస్తున్నదని చెబుతున్నాం.

పగ్గాలు కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. పిల్లవాడు తెర ముందు కూర్చున్న ప్రతి నిమిషం నమోదవుతున్నది. ఎక్కడ ఉన్నాడు, ఏమి చూశాడు, ఎక్కడ తడబడ్డాడు అన్నదంతా ఎక్కడో నిలువ అవుతున్నది. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ 49 దేశాల్లో ప్రభుత్వాలు కరోనా కాలంలో సిఫారసు చేసిన విద్యా సాధనాలను పరిశీలించి, దాదాపు 90 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించే రీతిలో వారి సమాచారాన్ని సేకరించాయని, లేదా సేకరించే వీలు కలిగి ఉన్నాయని 2022లో వెల్లడించింది. ఒకరి ఉత్తరం మరొకరు విప్పి చదవడం నేరమని తపాలా ఉద్యోగికి ఉద్యోగంలో చేరిన నాడే చెబుతారు. సీలు వేసిన సంచిని అధికారం లేనివాడు తెరవకూడదు. మన బిడ్డ చదువు వివరాలకు ఆ పాటి గౌరవమైనా దక్కవద్దా?

మూడు అభ్యంతరాలు, మా జవాబు

‘యూనియన్లు ఎప్పుడూ ఇంతే, కంప్యూటర్ అనగానే అడ్డుపడతాయి’ అనేది మొదటి అభ్యంతరం. కార్మికోద్యమం అడిగిన ప్రశ్న ఎల్లప్పుడూ ఒక్కటే: యంత్రం వలన వచ్చే మేలు ఎవరికి, నష్టం ఎవరికి? ఆటోమేషన్‌పై భారత ప్రభుత్వం నియమించిన వి.ఎం. దండేకర్ కమిటీ 1972లో నివేదిక సమర్పించింది. కార్మికుల ఒత్తిడి లేకపోతే ఆ ప్రశ్న ప్రభుత్వం ముందుకు ఆ రూపంలో వచ్చి ఉండేది కాదు. ప్రశ్న అడిగినవారిని యంత్ర విరోధులనడం జవాబు తప్పించుకోవడమే.

‘ప్రభుత్వ ఉపాధ్యాయులు సరిగా బడికి రారు, వచ్చినా చెప్పరు, యంత్రమే నయం’ అనేది రెండవ అభ్యంతరం. విధి నిర్వహణలో అశ్రద్ధ చూపేవారిని వెనకేసుకు రావడం ఏ సంఘానికీ గౌరవం కాదు. కాని పర్యవేక్షకుల పోస్టులు ఖాళీగా ఉంచి, ఒక్కరితో అయిదు తరగతులు నడిపించి, ఎన్నికల పని నుండి జనాభా లెక్కల వరకు వారిచేతనే చేయించి, ఆపైన చదువు చెప్పడం లేదని నిందించడం న్యాయమా? కొందరు డ్రైవర్లు పొరపాటు చేస్తారని బండిని డ్రైవరు లేకుండా పంపుతామా? పిల్లవాడు వారం రోజులుగా బడికి రావడం లేదని ఇంటికి వెళ్ళి అడగగలిగేది మనిషి మాత్రమే.

‘పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారు’ అనేది మూడవది. 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడకు రంధ్రం చేసి కంప్యూటర్ పెట్టారు. మురికివాడ పిల్లలు ఎవ్వరూ నేర్పకుండానే దానిని వాడడం నేర్చుకున్నారని ప్రపంచమంతా చాటారు. పిల్లల కుతూహలానికి మేమూ నమస్కరిస్తాం. కాని మౌస్ కదపడం నేర్చుకోవడం వేరు, భిన్నాలు కూడడం, చరిత్రను తర్కించడం వేరు. ఒక్క మాట అడుగుతాం. ఈ సిద్ధాంతాన్ని ప్రచారం చేసే పెద్దల్లో ఎందరు తమ బిడ్డలను బడి మాన్పించి గోడ రంధ్రం దగ్గర నిలబెట్టారు?

మన బిడ్డలు, మన జీతాలు

సహోద్యోగులారా! ఈ సమస్య మన గడప దాకా వచ్చింది. రైల్వేల పునర్వ్యవస్థీకరణపై 2015లో నివేదిక ఇచ్చిన బిబేక్ దేబ్రాయ్ కమిటీ, పాఠశాలలు, ఆసుపత్రులు నడపడం వంటి బాధ్యతల నుండి రైల్వేలు తప్పుకోవాలన్నది. కాలనీ పక్కన బడి ఉంటే ఏ షిఫ్టులో ఉన్న తల్లిదండ్రులకైనా నిశ్చింత. ఆ బడి బలహీనపడిన కొద్దీ మన పిల్లలు ‘డిజిటల్ తరగతులు’ అని బోర్డు కట్టిన ప్రైవేటు బడులకు వెళ్ళవలసి వస్తున్నది. కేంద్ర ఉద్యోగికి పిల్లల విద్యాభత్యం 2024 జనవరి నుండి బిడ్డకు నెలకు రూ. 2,812.50 చొప్పున లభిస్తున్నది. పట్టణాల్లోని అనేక ప్రైవేటు బడుల ఫీజులకు ఇది ఏ మూలకూ చాలదు. మన పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి ఆ మాత్రం కూడా లేదు. తరగతి గదిలో తెర తగిలించి దానికి వేరే ఫీజు, దాని ‘యాప్’కు మరో ఫీజు వసూలు చేస్తుంటే, కరవు భత్యం కోసం మనం పోరాడి గెలిచినది ఈ దారిన పోతున్నది.

కనుక ఈ క్రింది కోర్కెలను మేము ముందుంచుతున్నాం.

1. ఉపాధ్యాయ ఖాళీలన్నింటినీ రెగ్యులర్ పద్ధతిలో భర్తీ చేయాలి. ఒక్క ఉపాధ్యాయుని బడి అన్నది ఉండరాదు. యంత్రం వచ్చిందన్న సాకుతో ఏ పోస్టునూ రద్దు చేయరాదు.

2. ప్రతి ప్రభుత్వ పాఠశాలకు పనిచేసే కంప్యూటర్లు, విద్యుత్తు, ఇంటర్నెట్, మరమ్మతు సదుపాయం కల్పించాలి. మన బిడ్డలకు యంత్రం దక్కకపోవడం కూడా అన్యాయమే.

3. యంత్రాన్ని ఉపయోగించడంలో శిక్షణ ఉపాధ్యాయులకు ముందు, పరికరం తరువాత. అది డ్యూటీ కాలంలోనే, పూర్తి జీతంతో జరగాలి.

4. పాఠాలు మాతృభాషలో, ప్రభుత్వ యాజమాన్యంలో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై తయారు కావాలి. వాటి తయారీలో ఉపాధ్యాయులకు పాత్ర ఉండాలి.

5. పిల్లల వివరాలను వ్యాపార సంస్థలు సేకరించడాన్ని, వాడుకోవడాన్ని నిషేధించాలి.

6. రైల్వే పాఠశాలలను మూసివేయరాదు, పెంపొందించాలి.

కోర్కెలు రాసి ఊరుకుంటే నెరవేరవు. ప్రతి బ్రాంచి కమిటీ తన పరిధిలోని ఒక్క ప్రభుత్వ బడినైనా వచ్చే రెండు నెలల్లో సందర్శించాలని కోరుతున్నాం. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని? కంప్యూటర్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పనిచేస్తున్నాయి? గది తాళం ఎవరి వద్ద ఉన్నది? వారానికి ఒక్కొక్క పిల్లవానికి ఎంతసేపు దొరుకుతున్నది? ఉపాధ్యాయుడు ఫోనులో వివరాలు ఎక్కించడానికి రోజుకు ఎంత కాలం వెచ్చిస్తున్నాడు? ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు రాసి పంపండి. స్థానిక ఉపాధ్యాయ సంఘాలను కలుపుకోండి. తల్లిదండ్రులను, అందునా తల్లులను, సమావేశాలకు పిలవండి. ఊరిలో ప్రతి గుమ్మమూ తెలిసిన పోస్ట్‌మాన్, ప్రతి కాలనీలోనూ ఉన్న రైల్వే కార్మికుడు కలిసి తలచుకుంటే చేయలేని సర్వే లేదు.

పాయింట్లు మార్చే మీట ఎవరి చేతిలో ఉంటే బండి వారు కోరిన లైనులోకే పోతుంది. బడిలోకి వస్తున్న యంత్రాన్ని ఏ లైనులోకి పంపాలో నిర్ణయించే మీట వ్యాపారి చేతికి పోకముందే, ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో కలిసి మనం దానిపై చేయి వేయాలి.